సంతకం పెట్టు, తర్వాత మాట్లాడుకుందాం

మా ఇంట్లో పంపకాలు జరిగినప్పుడు నాకు పదేళ్ళు. తాతయ్య సంవత్సరీకం అయిపోయింది, ఇక ఆలస్యం చేస్తే బావుండదని పెదనాన్న, నాన్న, ఊళ్ళో పెద్దమనుషులు నలుగురూ వీధి అరుగు మీద కూచుని రెండు రోజులు మాట్లాడుకున్నారు. మంచినీళ్ళు, మజ్జిగ అందిస్తూ తిరిగింది నేనే కాబట్టి చాలా మాటలు నా చెవిన పడ్డాయి. అందరికంటే చిన్నవాడు మా బాబాయి, భిలాయ్‌లో ఉద్యోగం. సెలవు దొరికి ఆయన రైలు దిగి వచ్చేసరికి పారీఖత్తు, అంటే పంపకాల పత్రం, స్టాంపు కాగితాల మీద రాసి సిద్ధంగా ఉంది. నిలబడే చదివాడు. మళ్ళీ మొదట్నించీ చదివాడు. "ఈ లైనేంటి అన్నయ్యా?" అని ఒక చోట వేలు పెట్టి అడిగాడు. "అదేం లేదురా, లేఖరి మామూలుగా రాసే మాటే. ముందు సంతకం పెట్టు, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు పెదనాన్న. బాబాయి సంతకం పెట్టాడు. ఆ తర్వాత మాట్లాడుకోవడం అనేది జరగలేదు. అన్నదమ్ములు నలభై ఏళ్ళు ఒకళ్ళ గడప ఒకళ్ళు తొక్కలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పారిస్‌లో జరిగిన శాంతి సమావేశం గురించి కొన్నేళ్ళుగా దొరికిందల్లా చదువుతున్నాను. చదివిన ప్రతిసారీ ఆ అరుగు, ఆ కాగితం మీద బాబాయి వేలు గుర్తొస్తాయి. సుమారు కోటిమంది సైనికులు చచ్చిపోయిన యుద్ధానికీ మా కొబ్బరితోట గొడవకీ పోలికేంటని అడిగితే నా దగ్గర పెద్ద సమాధానం లేదు, ఆ పోలిక నాకూ ఇబ్బందిగానే ఉంటుంది. కానీ రాజీ ఎక్కడ చెడుతుందో, ఏ నిమిషంలో చెడుతుందో అక్కడ కూచుని చూశాను కాబట్టి రాస్తున్నాను.

బళ్ళో మనందరం చదువుకున్నది ఒకటే ముక్క. ఆ సమావేశంలో తయారైన వర్సాయ్ సంధి షరతులు చాలా కఠినం, జర్మనీని అవమానించారు, అందుకే హిట్లర్ వచ్చాడు, అందుకే రెండో యుద్ధం. నేనూ పరీక్షలో అలాగే రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఇప్పుడు అడిగితే అలా రాయను. షరతుల కాఠిన్యం కంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది: అక్కడ శాంతి చర్చలు అని మనం పిలుస్తున్నవి జరగనే లేదు. గెలిచినవాళ్ళు గెలిచినవాళ్ళతో అయిదు నెలలు మాట్లాడుకున్నారు. ఓడినవాడితో ఒక్క పూట కూడా ఎదురెదురుగా కూచుని మాట్లాడలేదు.

ముందు కాఠిన్యం సంగతి చూద్దాం. 1871లో ఫ్రాన్స్ మీద గెలిచిన జర్మనీ, అల్సాస్‌నీ లొరైన్‌లో చాలా భాగాన్నీ లాక్కుంది, 500 కోట్ల ఫ్రాంకులు జరిమానా వేసింది, అది కట్టేదాకా సైన్యాన్ని ఫ్రాన్స్ నేల మీదే కూచోబెట్టింది. ఫ్రెంచివాళ్ళు 1873 కల్లా ఆ డబ్బంతా కట్టేశారు. అది పాత సంగతి అనుకుంటే, 1918 మార్చి 3న బ్రెస్ట్-లిటోవ్‌స్క్‌లో రష్యాతో జర్మనీ చేయించుకున్న ఒప్పందం ఉంది: పోలండ్, బాల్టిక్ ప్రాంతాలు, ఉక్రెయిన్ అన్నీ రష్యా చేతిలోంచి పోయాయి. దాని పక్కన పెట్టి చూస్తే వర్సాయ్‌లో జర్మనీ పోగొట్టుకున్నది, ఐరోపాలో తనకున్న భూమిలో సుమారు 13 శాతం, జనంలో పదో వంతు, అంతకంటే దారుణం అని అనలేం. పైగా ఆ పోయిన జనంలో చాలామంది పోలిష్‌వాళ్ళు, అల్సాస్‌వాళ్ళు.

ఫ్రాన్స్ బాధ కూడా మర్చిపోకూడదు. యుద్ధం జరిగింది వాళ్ళ పొలాల్లో. 13 లక్షలకు పైగా కుర్రాళ్ళు పోయారు. వెనక్కి పోతూ పోతూ జర్మన్ సైన్యం ఉత్తరాది బొగ్గు గనుల్ని నీళ్ళతో ముంచి పోయింది. ఫ్రాన్స్ ప్రధాని క్లెమన్సోకి అప్పటికి 77 ఏళ్ళు. 1871 నాటి ఓటమిని కళ్ళారా చూసినవాడు, అల్సాస్-లొరైన్ ఇవ్వడానికి వీల్లేదని ఆనాటి సభలో నిరసన తెలిపినవాళ్ళలో ఒకడు. సమావేశం నడుస్తుండగానే, 1919 ఫిబ్రవరి 19న ఒకడు ఆయన మీద కాల్పులు జరిపాడు. ఒక తూటా ఒంట్లోనే ఉండిపోయింది, దానితోనే కొద్ది రోజుల్లో మళ్ళీ పనిలోకి వచ్చాడు. ఆ మనిషిని కక్షసాధింపుదారు అని ఒక్క మాటతో కొట్టిపారేసేవాళ్ళంటే నాకు కోపం. ఇంకో యాభై ఏళ్ళకి మళ్ళీ వీళ్ళు మా మీదికి రాకుండా ఏం హామీ ఉందని ఆయన అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. సరిగ్గా 21 ఏళ్ళకి, 1940లో, వాళ్ళు మళ్ళీ వచ్చారు కూడా.

మరి తప్పు ఎక్కడ జరిగింది?

1918 అక్టోబరు మొదట్లో జర్మనీ యుద్ధం ఆపుదామని అడిగింది ఎవర్ని? అమెరికా అధ్యక్షుడు విల్సన్‌ని. ఏ ప్రాతిపదిక మీద? శాంతి ఎలా ఉండాలో ఆ ఏడాది జనవరి 8న ఆయన చెప్పిన 14 సూత్రాల మీద. నెలరోజులు ఉత్తరాలు నడిచాయి. నవంబరు 5న మిత్రరాజ్యాల తరఫున జవాబొచ్చింది: 14 సూత్రాలకి ఒప్పుకుంటున్నాం, కాకపోతే రెండు మినహాయింపులు, అందులో ఒకటి పౌరులకి జరిగిన నష్టానికి జర్మనీ పరిహారం ఇవ్వాలి. నవంబరు 11న కంపియేన్ అడవిలో ఒక రైలు పెట్టెలో యుద్ధ విరామం మీద సంతకాలయ్యాయి. అంటే జర్మన్‌వాళ్ళ లెక్కలో అది ఒక ఒప్పందానికి బయానా లాంటిది. మిగతా బేరం కూచుని మాట్లాడుకుంటాం అనుకున్నారు.

గెలిచినవాళ్ళు కూడా మొదట అదే అనుకున్నారన్నది నన్ను బాగా ఆశ్చర్యపరిచిన విషయం. 1919 జనవరి 18న పారిస్‌లో మొదలైంది ప్రాథమిక సమావేశం మాత్రమే. ముందు మనలో మనం ఒక మాట మీదికి వద్దాం, ఆ తర్వాత జర్మనీని పిలిచి అసలు చర్చ పెడదాం అన్నది ఆలోచన. జర్మనీని పిలవకూడదని ఎవరూ కూచుని తీర్మానించలేదు. రోజులు గడిచాయి, సైనికుల్ని ఇళ్ళకి పంపాలని దేశాల్లో ఒత్తిడి పెరిగింది, అమెరికాలో సెనేట్ గొడవలుంటే విల్సన్ నడిమధ్యన నెల రోజులు వెళ్ళిపోయి మార్చి మధ్యలో గానీ తిరిగి రాలేదు, ఇటలీ ప్రధాని ఓర్లాండో ఫియూమే పట్టణం ఇవ్వలేదని ఏప్రిల్లో అలిగి ఇంటికి పోయాడు. ఇన్ని తిప్పలు పడి తమలో తాము కుదుర్చుకున్న కాగితాన్ని మళ్ళీ జర్మన్‌ల ముందు విప్పితే మొత్తం కుప్పకూలుతుందేమోనన్న భయం అందర్నీ పట్టుకుంది. అలా ప్రాథమిక ముసాయిదాయే ఆఖరి ముసాయిదా అయిపోయింది, ఎప్పుడైందో ఎవరూ కచ్చితంగా చెప్పలేకుండా. మా అరుగు మీదా అంతే. బాబాయిని వద్దనుకున్నవాళ్ళు ఎవరూ లేరు. "వాడొచ్చాక వాడితోనూ ఒక మాట అనుకుందాం" అని నాన్న అనడం నేను విన్నాను. రెండో రోజు సాయంత్రానికి అందరూ అలిసిపోయారు, లేఖరి వచ్చి కూచున్నాడు.

బేరానికి పెట్టిన ముసాయిదాకీ ఆఖరి మాటకీ ఉండే తేడా మనకి సంతలో కూడా తెలుస్తుంది. పారిస్‌లో 50కి పైగా కమిటీలు పనిచేశాయి, సరిహద్దులకొకటి, రేవులకొకటి, రైళ్ళకొకటి, పరిహారానికొకటి. ఎవరి కమిటీలో వాళ్ళు గట్టిగానే రాసుకున్నారు, తర్వాత ఎలాగూ బేరంలో కొంత తగ్గుతుంది కదా అని. ఆ తగ్గే ఘట్టం రానేలేదు. కలిపి కుట్టేసరికి 440 అధికరణాల పుస్తకం తయారైంది. మొత్తం ఒక్క చోట పెట్టి చదివినవాళ్ళు చివరిదాకా దాదాపు లేరు. అమెరికా తరఫున ఆహార సాయం చూస్తున్న హెర్బర్ట్ హూవర్‌ని మే 7న తెల్లవారుజామున లేపి అచ్చయిన ప్రతి చేతికిచ్చారు. చదివి నిద్రపట్టక వీధుల్లోకి నడిచివెళ్ళాడు. దారిలో దక్షిణాఫ్రికా ప్రతినిధి స్మట్స్, బ్రిటిష్ ఖజానా తరఫున వచ్చిన కీన్స్ ఎదురయ్యారు. వాళ్ళూ అదే చదివి, అదే కలతతో తిరుగుతున్నారు. చర్చలకి వెళ్ళినవాళ్ళే తాము రాసింది చూసి బెదిరిపోయారంటే ఇంకేం చెప్పాలి?

ఆ మే 7 మధ్యాహ్నం గురించి కొంచెం వివరంగా చెప్తాను. జర్మన్ ప్రతినిధులు అప్పటికి వారం రోజులుగా వర్సాయ్‌లోనే ఉన్నారు. వాళ్ళని తెచ్చిన రైలుని ధ్వంసమైన ఊళ్ళ మీదుగా కావాలనే నెమ్మదిగా నడిపారు. హోటల్ దగ్గర సామాన్లు వాకిట్లో పడేసి ఎవరివి వాళ్ళు మోసుకోండన్నారు. చుట్టూ కంచె వేశారు, రక్షణ కోసమని చెప్పి. ట్రయనాన్ ప్యాలెస్ హోటల్లో సభ. క్లెమన్సో లేచి, లెక్కలు తేల్చుకునే గడియ వచ్చింది, మీరు శాంతి అడిగారు, మేం ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాం అన్నాడు. లావుపాటి పుస్తకం వాళ్ళ ముందు పెట్టారు. నోటి చర్చ లేదు, చెప్పదలుచుకున్నది 15 రోజుల్లో రాతపూర్వకంగా ఇవ్వండన్నారు. జర్మన్ విదేశాంగ మంత్రి బ్రోక్‌డోర్ఫ్-రాంట్సావ్ జవాబు చదివాడు, లేవకుండా కూచునే చదివాడు. పొగరు అని అటువైపు అందరికీ ఒళ్ళు మండింది. భయంతో కాళ్ళు వణికాయని కొందరు, కావాలనే కూచున్నాడని కొందరు తర్వాత రాశారు. పుస్తకం ఇంకా విప్పి చూడకుండానే ఆయన అన్న మాట ఒకటుంది: యుద్ధానికి మేమొక్కరమే దోషులమని ఒప్పుకోమంటున్నారు, నా నోటివెంట ఆ మాట వస్తే అది అబద్ధం అవుతుంది.

ఇక్కడే 231వ అధికరణం గురించి ఆగి చెప్పాలి, నా బాధంతా దాని దగ్గరే ఉంది.

ఆ వాక్యాన్ని రాసినవాళ్ళు ఇద్దరు అమెరికన్లు, నార్మన్ డేవిస్, జాన్ ఫాస్టర్ డల్లెస్. వాళ్ళకున్న చిక్కు ఇది. యుద్ధం ఖర్చు మొత్తం జర్మనీ చేత కక్కించాలని బ్రిటన్, ఫ్రాన్స్ జనం గోల పెడుతున్నారు. అంత డబ్బు జర్మనీ దగ్గర లేదు, రాదు. అందుకని 231లో నష్టం మొత్తానికీ జర్మనీ, దాని మిత్రదేశాలదే బాధ్యత అని మాటవరసకి రాసి, వెంటనే 232లో జర్మనీకి అంత తాహతు లేదు కాబట్టి పౌరులకి జరిగిన నష్టం మేరకే కట్టాలి అని రాశారు. అంటే 231 జర్మనీ భారం తగ్గించడానికి కట్టిన గట్టు లాంటిది. ఇంట్లో ఓటర్లకి చూపించుకోడానికి ఒక వాక్యం, అసలు లెక్కకి ఇంకో వాక్యం. ఆస్ట్రియా, హంగరీల ఒప్పందాల్లో కూడా అలాంటి వాక్యమే పెట్టారు, అక్కడ అది అంత రగులుకోలేదు. నేరం అన్న మాట ఆ అధికరణంలో ఎక్కడా లేదు.

కానీ జర్మన్ భాషలో అప్పుకీ తప్పుకీ మాట ఒకటే, షుల్డ్. బెర్లిన్‌లో చదివినవాళ్ళకి అది నేరాంగీకారంలాగే కనిపించింది. దాన్ని పట్టుకుని మంత్రి తన అభ్యంతరం రాసి పంపితే, జూన్ 16న క్లెమన్సో పేరుతో వెళ్ళిన జవాబు, దాన్ని రాసింది బ్రిటిష్ ప్రధాని లాయిడ్ జార్జ్ కార్యదర్శి ఫిలిప్ కెర్, అవును, మానవజాతి మీద జరిగిన అతిపెద్ద నేరం మీదే అన్నట్టు తేల్చిపారేసింది. లెక్కల కోసం రాసిన వాక్యం ఉత్తరాల్లో ఉత్తరాల్లోనే శిక్షాపత్రం అయిపోయింది. ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు ఆ డల్లెస్ ఒక జర్మన్ లాయరు ఎదురుగా కూచుని, బాబూ ఇది మీకెలా అర్థమవుతోంది అని అడిగుంటే ఆ వాక్యం ఇంకోలా రాసేవాళ్ళు. పరిహారం డబ్బులో ఒక్క జర్మన్ మార్కు కూడా తగ్గించనక్కర్లేకుండా. చర్చ వల్ల ఒరిగేదేంటని అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. మనం రాసిన మాట అవతలివాడికి ఎక్కడ గుచ్చుకుంటుందో మనకి మనంగా తెలీదు. వాడి ముఖం చూస్తేనే తెలుస్తుంది.

మా కాగితంలో బాబాయి వేలు పెట్టిన లైను ఏంటంటే, "మాలో చిన్నవాడు ఉమ్మడి సొమ్ముతో చదువుకొని ఇదివరకే లబ్ధి పొందియున్నందున". కొబ్బరితోట పెద్దవాళ్ళిద్దరికే ఎందుకు రాశారో కారణం చూపించాలి కదా అని లేఖరి పెట్టిన మాట. అరుగు మీద ఎవరి మనసులోనూ విషం లేదు, నేను సాక్ష్యం. భిలాయ్ నించి బాబాయి ఏడేళ్ళపాటు నెలనెలా పంపిన మనియార్డర్ల మాట మాత్రం అక్కడ ఎవరికీ గుర్తు రాలేదు.

డబ్బు విషయంలోనూ బేరం కుదరని దూరం ఏమీ లేదని నా అభిప్రాయం. మే 29న జర్మన్‌లు ఎదురు ప్రతిపాదన పంపారు: 10,000 కోట్ల బంగారు మార్కులు కడతాం, వడ్డీ లేకుండా, కొన్నేళ్ళలో, మా భూభాగం మాకుండాలి. వడ్డీ లేదంటే అసలు విలువ చాలా తగ్గుతుంది, నిజమే. 1921 మేలో మిత్రరాజ్యాలు తేల్చిన అంకె 13,200 కోట్లు. అందులో 8,200 కోట్లు వసూలయ్యే ఆశ లేదని తెలిసీ సొంత జనం కోసం కాగితం మీద వేసుకున్నవి, నిజంగా అడిగింది 5,000 కోట్లు. ఈ రెండు అంకెల మధ్య ఒక నెల రోజులు కూచుంటే దారి దొరికేది. జర్మన్‌ల రాతల వల్ల వచ్చిన పెద్ద మార్పు ఒక్కటే. ఎగువ సైలీషియాని పోలండ్‌కి నేరుగా ఇచ్చేయకుండా ప్రజాభిప్రాయం తీసుకుందామని లాయిడ్ జార్జ్ పట్టుబట్టాడు, 1921 మార్చిలో ఓటింగ్ జరిగింది. కాగితం మీద విన్నందుకే ఆ మాత్రం మార్పు వచ్చింది.

జూన్‌లో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. దీని మీద సంతకం పెట్టే చెయ్యి ఎండిపోదా అని అంతకుముందే సభలో అడిగిన జర్మన్ ప్రధాని షైడెమన్ రాజీనామా చేశాడు. 22న పార్లమెంటు 237-138 ఓట్లతో, నేరం ఒప్పుకునే అధికరణాలు మినహాయించి సంతకం పెడతామంది. కుదరదు, మొత్తం ఒప్పుకోవాలి, లేదంటే సైన్యం కదులుతుంది, గడువు 23 సాయంత్రం 7 గంటలు అని జవాబు. అధ్యక్షుడు ఎబర్ట్ సైనిక కార్యాలయానికి ఫోన్ చేశాడు, పోరాడగలమా అని. అక్కడ మార్షల్ హిండెన్‌బర్గ్‌కి, ఆయన కింది అధికారి గ్రోనర్‌కి ఇద్దరికీ జవాబు తెలుసు, లేదు అని. ఆ జవాబు తన నోటితో చెప్పకూడదని హిండెన్‌బర్గ్ గదిలోంచి బయటికి నడిచాడు. ఫోన్‌లో గ్రోనర్ చెప్పాడు. గడువుకి రెండు గంటలు కూడా లేనప్పుడు జర్మనీ ఒప్పుకోలు పారిస్ చేరింది.

ఆ హిండెన్‌బర్గే అదే ఏడాది నవంబరులో విచారణ కమిటీ ముందు నిలబడి, మన సైన్యం ఓడలేదు, వెనకనించి వెన్నుపోటు పొడిచారు అన్నాడు. యుద్ధం పోయిందని తేల్చి విరామం అడగమన్నది జనరల్ లూడెన్‌డార్ఫ్, 1918 సెప్టెంబరు చివర్లో. రైలు పెట్టెలో సంతకం పెట్టింది మాత్రం ఎర్జ్‌బెర్గర్ అనే సామాన్య రాజకీయ నాయకుడు. 1921 ఆగస్టులో వాకింగ్‌కి వెళ్తే ఆయన్ని కాల్చి చంపేశారు. ఎదురుగా కూచుని మాట్లాడే అవకాశం ఇచ్చుంటే, కనీసం ఆ సైన్యాధికారుల్నే పిలిపించి కూచోబెట్టుంటే, ఇంటికెళ్ళి మేం ఓడలేదు అనే ధైర్యం వాళ్ళకి ఉండేది కాదు. మిత్రరాజ్యాలు పిలిచింది కొత్తగా వచ్చిన ప్రజా ప్రభుత్వాన్ని, అవమానమంతా దాని నెత్తిన పడింది. ఇదే నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

జూన్ 28న అద్దాల మందిరంలో సంతకాలు. 1871లో జర్మన్ సామ్రాజ్యం ప్రకటించుకున్న గది అదే, యుద్ధానికి నిప్పంటించిన తూటా సారయెవోలో పేలి ఆ రోజుకి సరిగ్గా అయిదేళ్ళు. ముఖాలు ఛిద్రమైన అయిదుగురు ఫ్రెంచి సైనికుల్ని క్లెమన్సో పిలిపించి అక్కడ నిలబెట్టాడు. ముల్లర్, బెల్ అనే ఇద్దరు జర్మన్‌లు వచ్చి సంతకం పెట్టి వెళ్ళారు. చైనా ప్రతినిధుల కుర్చీలు ఖాళీ, షాన్‌డాంగ్‌లో జర్మనీకున్న హక్కుల్ని తమకివ్వకుండా జపాన్‌కి ఇచ్చారని వాళ్ళు రాలేదు.

మన దేశం పేరుతో కూడా అక్కడ సంతకాలున్నాయి. ఒకటి బ్రిటిష్ మంత్రి మాంటెగుది, రెండోది బికనీర్ మహారాజా గంగాసింగ్‌ది. 10 లక్షలకు పైగా మనవాళ్ళు సముద్రాలు దాటి పోరాడారు, 70 వేలకు పైగా పోయారు. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ అశ్వికదళానిది, 1918లో పాలస్తీనా దాకా వెళ్ళిన దళం అది. యుద్ధం మొదట్లోనే ఎండెన్ అనే జర్మన్ నౌక మద్రాసు రేవు మీద గుళ్ళు కురిపించింది, అప్పుడు కోస్తా, సీమ జిల్లాలకి రాజధాని ఆ ఊరే. ఇంత ఇచ్చాక, కాంగ్రెస్ తన తరఫున ఎంచుకున్న తిలక్‌కి పారిస్ వెళ్ళడానికి పాస్‌పోర్టు ఇవ్వలేదు, ఆయన లండన్‌లో కూచుని క్లెమన్సోకి ఉత్తరం రాసుకున్నాడు. విల్సన్, క్లెమన్సో, లాయిడ్ జార్జ్, ఓర్లాండో పారిస్‌లో జాతుల హక్కుల గురించి మాట్లాడుకుంటున్న ఏప్రిల్‌లోనే, 13న, జలియన్‌వాలాబాగ్. ఓడినవాణ్ణే కాదు, తమ పక్షాన చచ్చినవాణ్ణి కూడా అరుగు మీదికి రానివ్వలేదు.

1945 మాటేంటి, అప్పుడు జర్మనీతో ఏ చర్చా లేదుగా, అయినా శాంతి నిలిచిందిగా అని ఒక మిత్రుడు నాతో గట్టిగా వాదించాడు. మంచి వాదనే. అప్పుడు దేశం మొత్తాన్ని పట్టుకుని, ఓడామన్న సంగతి ప్రతి వీధిలో కనిపించేలా చేసి, గెలిచినవాళ్ళు అక్కడే ఏళ్ళ తరబడి ఉండిపోయారు. 1919లో ఆ పనీ చెయ్యలేదు, కూచుని మాట్లాడనూ లేదు, ఫ్రాన్స్‌కి ఇస్తామన్న రక్షణ హామీ కూడా అమెరికా సెనేట్ దగ్గర ఆగిపోయింది. పైగా 1945 తర్వాత అసలు లెక్కలు తేలింది చర్చల్లోనే. 1953లో లండన్‌లో అప్పులిచ్చినవాళ్ళు జర్మన్ ప్రతినిధుల్ని ఎదురుగా కూచోబెట్టుకుని పాత బాకీల్ని దాదాపు సగానికి తగ్గించారు. పరిహారాల కోసమని 1924లో, 1930లో జర్మనీ అమ్మిన బాండ్ల తాలూకు ఆఖరి వడ్డీ కిస్తు 2010 అక్టోబరు 3న కట్టేశారు. ఎవరూ గొడవ చెయ్యలేదు, చాలామంది గమనించను కూడా లేదు.

టర్కీది ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 1920 ఆగస్టు 10న సేవ్ర్‌లో వాళ్ళ మీద కూడా ఇలాంటి కాగితమే రుద్దారు. టర్కీ సైనిక నాయకుడు ముస్తఫా కెమాల్ దాన్ని యుద్ధంతో చించేశాడు. 1922 నవంబరులో లొజాన్‌లో మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది, ఈసారి ఎదురెదురుగా. బ్రిటన్ తరఫున కర్జన్ గంటలకొద్దీ ఉపన్యాసాలిచ్చేవాడు, టర్కీ తరఫున వచ్చిన ఇస్మెత్ పాషాకి చెవుడు, విననట్టు కూచుని మళ్ళీ మొదటి మాటే చెప్పేవాడు. ఫిబ్రవరిలో విసుగెత్తి కర్జన్ రైలెక్కి వెళ్ళిపోయాడు. ఏప్రిల్లో మళ్ళీ కూచున్నారు. 1923 జూలై 24న సంతకాలయ్యాయి. ఆ సరిహద్దులు చాలావరకు ఈ రోజుకీ అలాగే ఉన్నాయి. అది పుణ్యకార్యం అనను, సుమారు 12 లక్షలమంది క్రైస్తవుల్ని టర్కీ నించి గ్రీసుకి, 4 లక్షలమంది ముస్లింలని గ్రీసు నించి టర్కీకి ఊళ్ళు మార్పించిన ఒప్పందం అక్కడే కుదిరింది, ఆర్మీనియన్లకి, కుర్దులకి ఆ బల్ల దగ్గర కుర్చీయే లేదు. వాళ్ళ దుఃఖం ఇంకా ఆరలేదు. కూచున్న రెండు పక్షాల మధ్య మాత్రం ఆ కాగితం నిలబడింది.

పోయినేడు సంక్రాంతి వెళ్ళాక బాబాయిని చూసొచ్చాను. పెదనాన్న పోయారు, నాన్నా పోయారు, తోట చేతులు మారి ప్లాట్లయిపోయింది. బాబాయికి ఇప్పుడు మరుపు బాగా వచ్చింది. తోట ఎన్ని సెంట్లో అడిగితే చెప్పలేకపోయాడు, ఏ చెరువు పక్కనో కూడా తడుముకున్నాడు. "అడిగితే నేనే రాసిచ్చేవాణ్ణి రా, పెద్దాడికి ఆడపిల్లలు ముగ్గురు కదా" అన్నాడు. కాసేపాగి, కిటికీ వైపు చూస్తూ, బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు, అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు: "మాలో చిన్నవాడు ఉమ్మడి సొమ్ముతో చదువుకొని ఇదివరకే లబ్ధి పొందియున్నందున."